బీరువాలోంచి తీసిన తుపాకి ఖాళీయేనా? తేల్చుకునే పద్ధతి

లైసెన్సు తుపాకి ఉన్న చాలా ఇళ్లలో అది బయటికొచ్చేది ఏడాదికి ఒకటి రెండుసార్లే. ఎన్నికల కోడ్ రాగానే స్టేషన్‌లో డిపాజిట్ చేయడానికో, దసరాకి ఆయుధపూజలో పెట్టడానికో, వానాకాలం పోయాక తుప్పేమైనా పట్టిందేమో చూసుకోవడానికో తీస్తారు. పోయినసారి లోపల పెట్టేటప్పుడు తూటాలు తీసేశామన్న జ్ఞాపకం గట్టిగా ఉంటుంది. ఆ జ్ఞాపకాన్ని లెక్కలోకి తీసుకోకండి. తుపాకి చేతికొచ్చిన ప్రతిసారీ అది నిండుగా ఉందనే అనుకుని, కాదని కంటితో, వేలితో తేల్చుకోవాలి.

పేపర్లో ‘గన్ మిస్‌ఫైర్ అయి కానిస్టేబుల్‌కి గాయాలు’ అని రాస్తుంటారు. తుపాకి పని తెలిసినవాళ్ల మాటలో మిస్‌ఫైర్ అంటే దానికి సరిగ్గా వ్యతిరేకం: ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవడం. వార్తల్లో చెప్పేది చాలాసార్లు లోపల తూటా ఉందని చూసుకోకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టిన ఘటనే. మాట తప్పైతే నష్టమేముందంటారా? మిస్‌ఫైర్ అనగానే తప్పు తుపాకి మీదికి పోతుంది.

ఖాళీ అనడానికి చూడాల్సిన చోట్లు మూడు. మొదటిది ఛాంబరు, అంటే గొట్టం వెనక చివర తూటా కూర్చునే గూడు. పేలేది అక్కడున్న తూటాయే. రెండోది తూటాల నిల్వ: పిస్టల్‌కి పిడిలో దూరే తూటాల డబ్బా, అంటే మేగజైన్, పంప్ గన్‌కి గొట్టం కింది ట్యూబు, రివాల్వర్‌కి తిరిగే సిలిండరు. మూడోది ఎక్కువమంది మరిచిపోయేది, గొట్టం లోపలి దారి. ఈ మూడూ చూడనంతవరకూ ఖాళీ అన్న మాట అనకూడదు.

ముందు చోటు

ఏ దిక్కుకి పెట్టి చూస్తారన్నది తుపాకి చేతిలోకి తీసుకోకముందే నిర్ణయించుకోండి. పల్లెలో పెరటి మట్టిగట్టు ఉంటే అంతకంటే మంచిది లేదు. అపార్ట్‌మెంట్‌లో కష్టం. నేల వైపు పెడదామంటే కింద ఇంకో కుటుంబం ఉంటుంది, నేల గట్టిదైతే గుండు ఎగిరి పక్కకి తగలొచ్చు. నాలుగంగుళాల ఇటుక గోడనీ, ప్లైవుడ్ తలుపునీ నమ్మడానికి లేదు. అలాంటిచోట పెద్ద బకెట్ నిండా పొడి ఇసుక పోసి, గోడ మూలలో పెట్టుకుని, గొట్టం మొన దాని మధ్యకి చూసేలా పట్టుకుని చూడండి. పిస్టల్, రివాల్వర్ గుండుకి అడుగు పైన లోతున్న ఇసుక సరిపోతుంది. రైఫిల్‌కి బకెట్ చాలదు, ఆ పని ఆరుబయట మట్టిగట్టు దగ్గరే. మొనని ఇసుకలో గుచ్చకండి. మూసుకుపోయిన గొట్టంలో తూటా పేలితే గొట్టమే చీలుతుంది.

వెలుతురు పుష్కలంగా ఉండాలి, ఫోన్ పక్క గదిలో ఉండాలి. పిల్లలు, చూద్దామని చేరిన చుట్టాలు బయట ఉండాలి. చుక్క వేసుకున్న రోజు ఈ పని పెట్టుకోకండి. కుడి చూపుడువేలు ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కట్టు) బయట, చట్రానికి ఆనించి తిన్నగా చాపి ఉంచండి. వేలు లోపలికి వెళ్లాల్సిన అవసరం ఈ పని మొత్తంలో దాదాపు ఎక్కడా రాదు. వచ్చే ఒకటి రెండు చోట్లూ కింద విడిగా చెప్తాం.

పిస్టల్

ఎక్కువ ప్రమాదాలకి కారణమయ్యే తప్పు పిస్టల్‌లోనే ఉంది కాబట్టి దీనికి కొంచెం ఎక్కువ సమయం ఇవ్వాలి. ఆ తప్పు క్రమానిది. మేగజైన్ లోపల ఉండగానే స్లైడు (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే ఉక్కు భాగం) వెనక్కి లాగి వదిలితే, ఛాంబరులోని తూటా బయటపడుతుంది, స్లైడు ముందుకి పోతూ మేగజైన్‌లోంచి ఇంకో తూటాని ఛాంబరులోకి తోస్తుంది. ఆ తర్వాత మేగజైన్ తీస్తారు. ఒక తూటా కింద పడటం చూశారు, మేగజైన్ చేతిలో ఉంది, మనసుకి తృప్తి. పిస్టల్ మాత్రం నిండుగానే ఉంది. మేగజైన్ తీసేస్తే పేలదని కొందరు అంటారు. అలా అడ్డుకునే ఏర్పాటు కొన్ని మోడళ్లలోనే ఉంటుంది, చాలా పిస్టళ్లు మేగజైన్ లేకుండానే పేలతాయి.

కాబట్టి ముందు మేగజైన్. దాన్ని వదిలించే బొత్తం కొన్నింటికి ట్రిగ్గర్ గార్డు వెనక, పిడికి ఎడమవైపు ఉంటుంది. పాత తరహావాటికి పిడి అడుగున వెనకవైపు చిన్న మీట ఉంటుంది, దాన్ని వెనక్కి నెట్టి మేగజైన్‌ని కిందికి లాగాలి. తీసిన మేగజైన్‌ని చంకలో పెట్టుకోవడం, పళ్లతో పట్టుకోవడం వద్దు. జేబులోనో, బల్ల అవతలి చివరనో పెట్టేయండి.

ఇప్పుడు స్లైడు. ఎడమచేతిని స్లైడు వెనక భాగం మీదుగా కప్పి, గరుకు గీతలున్న చోట నాలుగు వేళ్లూ ఒకవైపు, అరచెయ్యి ఇంకోవైపు వచ్చేలా పట్టుకోండి. స్లైడుని లాగేకంటే, కుడిచేత్తో పిడిని ముందుకి నెడితే తేలిక. స్ప్రింగు బిగువుగా ఉన్న చిన్న పిస్టళ్లకి ఈ పద్ధతే పని చేస్తుంది. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, బలం చాలక పిస్టల్‌ని అడ్డంగా తిప్పుకుంటారు, దాంతో మొన ఎడమపక్క మనిషి వైపు తిరుగుతుంది. తుపాకిని తిప్పకండి, మీరే ఒళ్లు పక్కకి తిప్పుకుని నిలబడండి, మొన ఇసుక వైపే ఉంటుంది. రెండోది, ఎడమచేతి వేళ్లు మొన ముందుకి రావడం. చిన్న పిస్టల్‌కి ఇది క్షణంలో జరిగిపోతుంది.

స్లైడు కదలకపోతే ముందు సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) చూడండి. కొన్ని మోడళ్లలో సేఫ్టీ వేసి ఉంటే స్లైడు బిగిసిపోతుంది, దించితేనే కదులుతుంది. సేఫ్టీ దించాక కూడా కదలకపోతే తుప్పు పట్టి ఉండొచ్చు, లోపల ఏదో ఇరుక్కుని ఉండొచ్చు. సుత్తితో తట్టడం, బల్ల అంచుకి ఆనించి నొక్కడం చేయకండి. దాని సంగతి చివర్లో.

తూటా బయటపడే కిటికీ మీద అరచెయ్యి కప్పి, ఎగిరొచ్చే తూటాని గాలిలో పట్టుకునే అలవాటు కొందరికి ఉంది. చూడ్డానికి బాగుంటుంది. కానీ తూటా అడ్డం తిరిగి, లోపలి ఎజెక్టరు (తూటాని బయటికి విసిరే ముక్క) మొన దాని ప్రైమరుకి (తూటా అడుగున నిప్పు రగిలించే చుక్క) తగిలితే అక్కడే పేలే అవకాశం ఉంది. ఛాంబరు గోడల ఆసరా లేకుండా పేలిన తూటా ఇత్తడి తొడుగు ముక్కలై అరచేతిలోకి దిగుతుంది. కింద దుప్పటి పరిచి పడనివ్వండి.

రెండు మూడుసార్లు పూర్తిగా వెనక్కి లాగి వదలండి. మొదటిసారి ఒక తూటా పడితే సరే. రెండోసారి కూడా పడిందా, మేగజైన్ ఇంకా లోపలే ఉందన్నమాట. అక్కడే ఆగి మళ్లీ మొదటినుంచి రండి.

అసలు పరీక్ష ఇప్పుడు మొదలవుతుంది. స్లైడు లాగితే ఏమీ పడలేదు, కాబట్టి ఖాళీ అన్న లెక్క చెల్లదు. తూటా అంచుని పట్టి లాగే చిన్న కొక్కెం, ఎక్స్‌ట్రాక్టరు, విరిగినా, జిడ్డు మురికితో మొద్దుబారినా, స్లైడు వెనక్కి వస్తుంది, తూటా ఛాంబరులోనే ఉండిపోతుంది. ఏళ్ల తరబడి గూట్లో ఉన్న ఇత్తడి చిలుమెక్కి గోడకి అంటుకున్నా అంతే. అందుకే స్లైడుని పూర్తిగా వెనక్కి లాగి, ఎడమవైపు ఉండే స్లైడు స్టాప్ మీటని బొటనవేలితో పైకెత్తి, స్లైడు వెనకే నిలిచేలా చేయండి. వాల్తర్ పీపీ తరహా పిస్టళ్లకి బయట ఆ మీట ఉండదు. ఖాళీ మేగజైన్ పెడితేనే స్లైడు వెనక ఆగుతుంది. మేగజైన్ ఖాళీ అని వేలితో తడిమి చూశాకే అలా చేయండి, లేదంటే ఒక చేత్తో స్లైడు పట్టి ఉంచి ఇంకొకరిని పక్కనుంచి చూడమనండి.

పైనుంచి ఛాంబరులోకి చూడండి. ఖాళీ ఛాంబరు నల్లటి గుండ్రటి రంధ్రంలా ఉంటుంది. తూటా ఉంటే ఇత్తడి వృత్తం, మధ్యలో ప్రైమరు చుక్క మెరుస్తాయి. నికెల్ పూత తూటాలైతే తెల్లగా ఉండి ఉక్కులో కలిసిపోతాయి, కంటికి మోసం. తర్వాత స్లైడు నిజంగా ఆగి ఉందో లేదో ఇంకోసారి చూసుకుని, చిటికెనవేలు పెట్టి తడమండి. ఖాళీ అయితే వేలికొన రంధ్రంలోకి దిగుతుంది, తూటా ఉంటే చదునుగా తగులుతుంది. అదే వేలితో కింద మేగజైన్ దూరే బావిని కూడా తడమండి. చీకట్లో, కరెంటు పోయినప్పుడు వేలే ఆధారం.

ఒకసారి తలెత్తి గోడకేసి చూసి, మళ్లీ ఛాంబరులోకి చూడండి. వింతగా అనిపిస్తుంది కానీ అవసరం. ఖాళీ అని ముందే అనుకున్న కన్ను, ఉన్నదాన్ని కాక అనుకున్నదాన్ని చూస్తుంది. రెండో చూపులో ఆ మాయ కొంత తగ్గుతుంది.

ఛాంబరులో తూటా ఉంటే పైకి తేలే గుర్తులు, ఎర్ర చుక్కలు కొన్ని పిస్టళ్లకి ఉంటాయి. గుర్తు కనిపిస్తే నిండుగా ఉందని నమ్మండి. కనిపించకపోతే ఖాళీ అని మాత్రం నమ్మకండి, అవి మురికికి ఇరుక్కుంటాయి.

అమెరికాలో ఉండి తుపాకి కొనుక్కునే మనవాళ్లకి ఒక మాట. గ్లాక్ వంటి కొన్ని పిస్టళ్లని విప్పి శుభ్రం చేయాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిందే, వాటి తయారీయే అలాంటిది. వేలు లోపలికి వెళ్లే చోటు ఇదొకటి. ఆ నొక్కుకి ముందు పై పరీక్ష మొత్తం రెండోసారి చేయండి, నొక్కేటప్పుడు కూడా మొన సురక్షిత దిక్కుకే ఉండాలి. శుభ్రం చేస్తుండగా పేలిందన్న సంఘటనల్లో ఈ మెట్టు దగ్గర జారినవి ఉన్నాయి.

రివాల్వర్

మన దగ్గర లైసెన్సు రివాల్వర్లలో కాన్పూరు స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ .32 బాగా కనిపిస్తుంది. అది పైనుంచి విరిచే రకం. హామరు (తూటాని కొట్టి పేల్చే సుత్తి) పక్కనున్న మీటని బొటనవేలితో నొక్కి గొట్టాన్ని కిందికి వంచితే సిలిండరు వెనక భాగం మొత్తం తెరుచుకుంటుంది, మధ్యలోని నక్షత్రం లాంటి పళ్లెం తూటాలన్నింటినీ ఒకేసారి పైకి లేపుతుంది. సగంలో ఆపకండి, పూర్తిగా వంచండి. సగం తెరిచి వదిలితే ఒక తొడుగు ఆ నక్షత్రం కింద ఇరుక్కుని, మళ్లీ మూసుకోదు, తెరుచుకోదు.

సిలిండరు పక్కకి వచ్చే రకానికి ఎడమవైపు మీట నొక్కి లేదా లాగి, సిలిండరుని ఎడమకి తెరిచి, మొనని సురక్షితంగా పైకెత్తగలిగే చోటైతే ఎత్తి, ముందున్న కడ్డీని ఒక్కసారి పూర్తిగా నొక్కండి. తూటాలు వాటి బరువుకే జారతాయి.

ఇక లెక్క. ఆరు గూళ్లు ఉంటే ఆరు రంధ్రాల్లోంచి వెలుతురు కనపడాలి. సిలిండరుని వేలితో తిప్పుతూ ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టండి. ఐదు గూళ్లవీ ఉంటాయి, ఏడువీ ఉంటాయి, కాబట్టి మీ రివాల్వర్‌కి ఎన్నో ముందే తెలిసి ఉండాలి. తెరవకుండా పక్కనుంచి చూసి, సిలిండరుకీ వెనక పలకకీ మధ్య ఇత్తడి అంచులు కనపడటం లేదు కాబట్టి ఖాళీ అనేవాళ్లు ఉన్నారు. హామరుకి ఎదురుగా, చట్రం మాటున ఉన్న గూడు అలా కనపడదు.

హామరు ఎత్తి ఉన్న రివాల్వర్ చేతికి వస్తే చాలావాటిని అలా తెరవలేం. అప్పుడు ఇసుక వైపు పెట్టి, ఎడమ బొటనవేలు హామరుకీ చట్రానికీ మధ్య సందులో అడ్డుపెట్టి, కుడి బొటనవేలితో హామరు కొమ్ముని గట్టిగా పట్టుకుని, అప్పుడే ట్రిగ్గర్‌ని తాకి, హామరు కదలగానే ట్రిగ్గర్ వదిలేసి, మెల్లగా దించాలి. వేలు లోపలికి వెళ్లే రెండో చోటు ఇది. చేయి వణికేవాళ్లు, ఇదివరకు చేయనివాళ్లు దీనికి పూనుకోవద్దు. తెలిసినవాళ్లని పిలవండి. సిలిండరుని సినిమాలోలాగా మణికట్టు విసురుతో మూయడం కూడా వద్దు, దాన్ని పట్టి ఉంచే చట్రం వంగి, గూళ్లు గొట్టానికి ఎదురుగా సరిగ్గా నిలవవు.

డబుల్ బ్యారెల్ 12 బోర్

బ్యాంకుల ముందు గార్డు భుజాన ఉండేదీ, ఊళ్లో పెద్దింటి గోడకి వేలాడేదీ ఎక్కువగా ఇదే. తుపాకి మడమని (భుజానికి ఆనించే చెక్క చివర) చంక కింద ఇరికించి, మొనలు నేలమట్టి వైపు పెట్టి, పైనున్న మీటని బొటనవేలితో కుడికి నెట్టండి, గొట్టాలు కిందికి వాలతాయి. బయట హామర్లున్న పాత తుపాకి అయితే, హామర్లు ఎత్తి ఉన్నా సరే ముందు విప్పండి, తూటాలు తీశాకే హామర్లు దించండి. నిండు తుపాకి మీద హామరు దించబోయి వేలు జారితే గుళ్లన్నీ ఒకేసారి పోతాయి.

కొన్ని తుపాకులకి ఎజెక్టర్లు ఉంటాయి. అవి పేలిన తొడుగుని బయటికి విసురుతాయి, పేలని తూటాని మాత్రం కొంచెం పైకి లేపి ఊరుకుంటాయి. ఒకటి ఎగిరి పడింది, రెండోదీ పడే ఉంటుందిలే అనుకుంటే అక్కడే దెబ్బ. రెండు గూళ్లలోనూ వేలు పెట్టి చూడండి. పాత కాగితపు తొడుగులు తేమకి ఉబ్బి గట్టిగా కరుచుకుంటాయి.

తర్వాత వెనకనుంచి గొట్టాల్లోకి చూడండి, రెండు వెలుతురు చక్రాలు స్పష్టంగా కనపడాలి. వెలుతురు తక్కువైతే ఎన్‌సీసీలో చేసేలాగే బొటనవేలి గోరుని గూటి దగ్గర పెడితే దాని మెరుపుకి లోపల కనపడుతుంది. ఈ చూపు తప్పనిసరి కావడానికి గట్టి కారణం ఉంది: 12 బోర్ కంటే సన్నగా ఉండే 20 బోర్ తూటా పొరపాటున 12 బోర్ గొట్టంలో వేస్తే, గూట్లో నిలవకుండా ముందుకి జారి గొట్టంలో కొన్ని అంగుళాల లోపల ఇరుక్కుంటుంది. గూడు ఖాళీగా కనపడుతుంది. దాని వెనక 12 బోర్ తూటా పెట్టి కాలిస్తే గొట్టం పగులుతుంది. గోడకి వేలాడే తుపాకిలో కందిరీగ కట్టిన మట్టిగూడు, శుభ్రం చేసి మరిచిన గుడ్డముక్క కూడా ఇలాగే దాగుంటాయి. మూసేటప్పుడు గొట్టాల్ని పైకెత్తకండి, మడమనే పైకెత్తి కలపండి, మొనలు నేలకే ఉంటాయి.

పంప్ గన్‌లో ఛాంబరు చూడటంతో సరిపోదు. కింది ట్యూబులో ఇంకా తూటాలుంటే పంపు కొట్టిన ప్రతిసారీ ఒకటి పైకి వస్తుంది. ముందు భాగాన్ని వెనక్కి లాగి ఉంచి, ఛాంబరు చూసి, కిందినుంచి ట్యూబులోకి వేలు పెట్టండి. తూటా అడుగు కాకుండా స్ప్రింగు మూత తగలాలి. బోల్టు రైఫిల్‌కి (వెనకనున్న పిడి పట్టి కడ్డీని లాగి, తోసి తూటా ఎక్కించే రకం) క్రమం పిస్టల్‌లా కాదు. లీ ఎన్‌ఫీల్డ్ తరహా రైఫిళ్లలో మేగజైన్ మీట ట్రిగ్గర్ గార్డు లోపలే ఉంటుంది, నిండు ఛాంబరుతో అక్కడ వేలు పెట్టడం మంచిది కాదు. ముందు బోల్టు పూర్తిగా వెనక్కి లాగి అలాగే ఉంచండి, తర్వాత మేగజైన్ తీయండి, తర్వాత చూడండి. మేగజైన్ తీయకుండా బోల్టు ముందుకి తోశారా, మళ్లీ నిండినట్టే.

మొననుంచి మందు దట్టించే పాత తుపాకి అన్నింటికంటే మాయదారిది. వెనక తెరుచుకునే చోటే లేదు, చూసేదేమీ ఉండదు. ముందు నిప్పిల్ (గొట్టం వెనక ఉండే చిన్న ముక్కు) మీద కేపు (నిప్పు రగిలించే చిన్న టోపీ) ఉంటే ముఖం, ఒళ్లు పక్కకి తప్పించి దాన్ని తీసేయండి. మొనకి ఎదురుగా చెయ్యి రాకుండా పక్కనుంచి దట్టించే చువ్వని మెల్లగా లోపలికి జారవిడవండి, కొట్టకండి. మొన దగ్గర చువ్వ మీద గోటితో గుర్తు పెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూడండి. చువ్వ అడుగు నిప్పిల్ దగ్గరి దాకా రావాలి. రెండు మూడంగుళాలు ముందే ఆగిందంటే లోపల మందో గుళ్లో ఉన్నాయి. పాత నల్లమందు తేమ తగలకపోతే ఏళ్ల తర్వాత కూడా పేలుతుంది. దాన్ని గుచ్చి తీయబోకండి. లైసెన్సు లేని నాటు తుపాకి ఇంటి అటకమీద దొరికితే ఇవేవీ చేయకండి, తాకకుండా 112కి ఫోన్ చేయండి.

కోతుల కోసమని కొనే ఎయిర్ గన్‌లో గుళిక లోపలికి పోయాక బయటినుంచి కనపడదు, వెనక్కి లాగి తీసే కొక్కెమూ ఉండదు. అనుమానం ఉంటే మట్టిగట్టులోకి కాల్చేయడమే దారి.

తూటా పేలకపోతే, ఇరుక్కుంటే

ట్రిగ్గర్ నొక్కినా పేలని తూటా ఆలస్యంగా పేలొచ్చు. వెంటనే తెరవకుండా, మొన సురక్షిత దిక్కుకే పెట్టి 30 సెకన్లు ఆగండి. మొననుంచి దట్టించేదైతే కనీసం రెండు నిమిషాలు. ఛాంబరులో కరుచుకున్న తూటాని ముందునుంచి కడ్డీతో కొట్టి తీయడం, నూనె పోసి గంటలు నానబెట్టడం ఇంట్లో చేయాల్సిన పనులు కావు. మొన ఇసుక వైపే ఉంచి, తుపాకిని కదపకుండా, లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరుకో, జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వు పోలీసుల ఆర్మరర్‌కో (ఆయుధాల మరమ్మతు చూసే ఉద్యోగి) కబురు చేసి అడగండి. నిండు తుపాకి అని మొదటి మాటగా చెప్పండి.

చేతులు మారేటప్పుడు

ఇచ్చేవాళ్లు తెరిచి, చూపించి, తెరిచి ఉండగానే పిడి వైపునుంచి ఇవ్వాలి. తీసుకున్నవాళ్లు మళ్లీ మొదటినుంచి చూడాలి, కళ్లముందే చూసినా సరే. ‘మావయ్యగారు ఇప్పుడే చూశారు కదా, మళ్లీ చూస్తే ఏమనుకుంటారో’ అనే మొహమాటం దీనికి పనికిరాదు. చేతినుంచి బల్లమీదికి, బల్లమీంచి మళ్లీ చేతికి వచ్చినా అదే లెక్క. నీళ్లు తాగడానికి వెళ్లొచ్చినా అదే లెక్క.

ఆయుధపూజలో పెట్టేటప్పుడు స్లైడు వెనకే నిలిపి, లేదా గొట్టాలు విప్పే ఉంచి, ఛాంబరులోంచి బయటికి కనపడేలా ఎర్ర ప్లాస్టిక్ కేబుల్ టై ఒకటి దూర్చండి. షూటింగ్ పోటీల్లో వాడే సేఫ్టీ జెండా చేసే పని ఇదే: అది దూరి ఉన్నంతసేపు తూటా పట్టదు, దూరంనుంచే ఖాళీ అని తెలుస్తుంది. పసుపు కుంకుమ బయట చెక్కమీద పెట్టండి, తడి గంధం ఉక్కుకి తగిలితే తెల్లారేసరికి తుప్పు చుక్క లేస్తుంది. తూటాలని పక్కన పళ్లెంలో అలంకరించకండి, వేరే గదిలో తాళం వేసి ఉంచండి.

స్టేషన్‌కి డిపాజిట్‌కి తీసుకెళ్లేటప్పుడు ఇంటి దగ్గరే ఖాళీ చేసి, తూటాలు లెక్కపెట్టి వేరే సంచిలో వేసుకోండి. లైసెన్సు పుస్తకంలో రాసిన కొనుగోళ్లతో ఆ లెక్క సరిపోవాలి. ఎనిమిది ఉండాల్సినచోట ఏడే ఉంటే, మిగిలినది ఎక్కడుందో తేలేవరకు తుపాకిని కవరులో పెట్టకండి. కౌంటరు దగ్గర కవరులోంచి తీసేముందు ‘ఖాళీ చేసి తెచ్చాను, చూసుకోండి’ అని చెప్పి, మొన ఎటు పెట్టాలో అడిగి, అప్పుడు తీయండి. రసీదులో తుపాకి నంబరు, తూటాల సంఖ్య రెండూ రాయించుకోండి. తిరిగి తెచ్చుకునే రోజు, స్టేషన్‌లో ఎంతమంది చేతులు పడ్డాయో కాబట్టి, అక్కడే కౌంటరు దగ్గర మళ్లీ మేగజైన్‌తో మొదలుపెట్టండి.